వ్యాపారుల ఆన్‌లైన్ వసూళ్లకు అనుమతి: విధానం, నిబంధనలు, జాగ్రత్తలు

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాల వ్యాపార సంస్థలకు సంబంధించిన నేపథ్య సమాచారం

హైదరాబాద్: వినియోగదారుడు తన ఫోను నుంచి సొమ్ము చెల్లించగానే అది వ్యాపారి చేతికి అందినట్లేనని సాధారణంగా భావించడం జరుగుతున్నది. వాస్తవానికి ఆ సొమ్ము వినియోగదారుని ఖాతా నుంచి వ్యాపారి ఖాతాకు చేరే లోపల బ్యాంకులు, మధ్యవర్తి సంస్థల చేతుల మీదుగా ప్రయాణిస్తుంది. ఆ మధ్య కాలంలో సొమ్ము ఎవరిది, ఎవరి పేరిట జమ కావాలి, వాపసు ఇవ్వవలసి వస్తే బాధ్యత ఎవరిది అనే ప్రశ్నలకు సమాధానం వ్యాపారి మొదట పొందే అనుమతి పత్రాలలోనే నిర్ణయమై ఉంటుంది. అందువల్ల ఈ అనుమతి కేవలం లాంఛనం కాదు. పాత్రికేయులు, అధికారుల సమాచార నిమిత్తం ఈ విధానానికి సంబంధించిన వివరాలను ఈ దిగువ పొందుపరచడమైనది.

ఈ ప్రాంతపు ప్రత్యేకత

తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి దశలవారీగా హైదరాబాద్‌కు తరలివచ్చిన విషయం విదితమే. 1976లో ప్రారంభమైన అన్నపూర్ణ స్టూడియో, తరువాత వెలసిన రామానాయుడు స్టూడియో, ఫిలింనగర్‌లోని తెలుగు ఫిలిం ఛాంబర్ ఆఫ్ కామర్స్ ఈ ప్రాంతాన్ని పరిశ్రమకు కేంద్రంగా నిలిపాయి. వీటి చుట్టూ, దిగువన కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వరకు అనేక అనుబంధ వ్యాపారాలు విస్తరించి ఉన్నాయి. కెమెరాలు, లైట్లు అద్దెకిచ్చే సంస్థలు, దుస్తులు, నగలు అద్దెకిచ్చే దుకాణాలు, డబ్బింగ్, ఎడిటింగ్ గదులు, షూటింగులకు భోజనం సరఫరా చేసేవారు, వాహనాలు సమకూర్చేవారు, నటన, నృత్య శిక్షణ కేంద్రాలు వీటిలో ముఖ్యమైనవి.

ఈ వ్యాపారాలకు రెండు లక్షణాలు ఉన్నాయి. మొదటిది, బోర్డు మీది పేరు ఒకటి, బిల్లు మీది పేరు మరొకటి, బ్యాంకు ఖాతాలోని పేరు వేరొకటి కావడం. రెండవది, సేవ అందించడానికి ముందే బయానాగా సొమ్ము వసూలు చేయడం. ఆన్‌లైన్ వసూళ్ల అనుమతిలో ఆలస్యానికి, తిరస్కరణకు, సొమ్ము నిలుపుదలకు అవకాశం ఉన్నది ఈ రెండు చోట్లనే.

నేపథ్యం

ఒకే చోట అనేక చెల్లింపులు స్వీకరించే విధానం హైదరాబాద్ నగరానికి కొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 డిసెంబరులో ట్విన్స్ పేరిట ప్రయోగాత్మకంగా ఆరంభమైన కార్యక్రమం 2001 ఆగస్టులో ఈ-సేవగా రూపుదిద్దుకుంది. విద్యుత్తు, నీటి బిల్లులు, ఆస్తి పన్ను ఒకే కౌంటరులో చెల్లించే సౌకర్యం తద్వారా ప్రజలకు లభించింది. 2011లో మీ-సేవ ప్రారంభమైంది. ఈ కేంద్రాలలో వసూలైన బిల్లులు, పన్నుల సొమ్ము సంబంధిత ప్రభుత్వ విభాగాలకు చేరవలసినదే గనుక, సొమ్ము ఎవరికి చేరాలన్న విషయంలో సందేహానికి తావు లేకపోయింది.

రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక అభివృద్ధి, పరిశోధన సంస్థ 2004లో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను ప్రారంభించింది. వేర్వేరు బ్యాంకుల ఏ.టి.ఎం.లను కలిపే ఈ వ్యవస్థ తదనంతరం నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నిర్వహణలోకి వెళ్ళింది. అదే కార్పొరేషన్ 2016లో యు.పి.ఐ. విధానాన్ని ప్రవేశపెట్టడంతో చిన్న దుకాణదారు సైతం ఒక క్యూ.ఆర్. కోడ్‌తో సొమ్ము స్వీకరించగల స్థితి ఏర్పడింది. వసూలు చేసేవారు లెక్కకు మించి పెరిగిన కొద్దీ, వారెవరో ముందుగా నిర్ధారించుకోవలసిన అవసరం కూడా పెరిగింది.

చట్టపరమైన ఆధారం

చెల్లింపు వ్యవస్థలపై రిజర్వు బ్యాంకు నియంత్రణకు మూలం 2007 నాటి చెల్లింపులు, పరిష్కార వ్యవస్థల చట్టం. ఇది 2008 ఆగస్టు 12 నుంచి అమలులోకి వచ్చింది. వినియోగదారుల సొమ్మును స్వీకరించి వ్యాపారులకు అందజేసే మధ్యవర్తి సంస్థల ఖాతాల నిర్వహణపై రిజర్వు బ్యాంకు 2009 నవంబరు 24న తొలి ఆదేశాలు జారీ చేసింది. 2020 మార్చి 17న జారీ అయిన మార్గదర్శకాలు ఈ సంస్థలను రెండు తరగతులుగా విభజించాయి. సొమ్మును తమ వద్దకు స్వీకరించి వ్యాపారులకు పంపేవి పేమెంట్ అగ్రిగేటర్లు. సొమ్మును తాకకుండా సాంకేతిక మార్గాన్ని మాత్రమే కల్పించేవి పేమెంట్ గేట్‌వేలు. మొదటి తరగతికి రిజర్వు బ్యాంకు అనుమతి తప్పనిసరి అయింది. బ్యాంకులు తమ సాధారణ కార్యకలాపాలలో భాగంగా ఈ సేవ అందిస్తే వాటికి ప్రత్యేక అనుమతి అవసరం లేదు.

2025 సెప్టెంబరు 15న రిజర్వు బ్యాంకు సమగ్ర ఆదేశాలు వెలువరించింది. వీటి ప్రకారం ఆన్‌లైన్ వసూళ్లు, దుకాణంలో ముఖాముఖి వసూళ్లు, విదేశీ లావాదేవీలు అనే మూడు విభాగాలు ఏర్పడ్డాయి. బ్యాంకేతర సంస్థ దరఖాస్తు చేసే నాటికి 15 కోట్ల రూపాయల నికర విలువ కలిగి ఉండాలి. అనుమతి పొందిన తరువాత మూడవ ఆర్థిక సంవత్సరాంతానికి దానిని 25 కోట్ల రూపాయలకు పెంచుకోవాలి. వ్యాపారి వివరాల పరిశీలన బాధ్యతను కూడా ఈ ఆదేశాలు సంస్థపైనే ఉంచాయి. కనుక ‘మా పత్రాలు ఎందుకు అడుగుతున్నారు’ అనే ప్రశ్నకు సమాధానం సంస్థ ఇష్టాయిష్టాలలో కాక నిబంధనలలోనే ఉన్నది.

అనుమతి దశలు

వ్యాపారి తన ఖాతా ఉన్న బ్యాంకు ద్వారా గాని, రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన అగ్రిగేటరు ద్వారా గాని దరఖాస్తు చేసుకోవచ్చును. సాధారణంగా ఈ ప్రక్రియ ఈ క్రింది దశలలో సాగుతుంది.

1. దరఖాస్తు: వ్యాపారం సొంత యాజమాన్యమా, భాగస్వామ్యమా, కంపెనీయా, ట్రస్టా అన్నది ముందుగా తెలియజేయాలి. అవసరమైన పత్రాల జాబితా దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

2. గుర్తింపు నిర్ధారణ: యజమాని లేదా అధీకృత ప్రతినిధి పాన్ సంఖ్యను, చిరునామా ధ్రువపత్రాన్ని పరిశీలిస్తారు. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు అనుమతించిన వీడియో విధానం ద్వారా ఈ పరిశీలన దూరం నుంచి కూడా జరిపే వీలున్నది.

3. బ్యాంకు ఖాతా నిర్ధారణ: ఖాతాకు ఒక రూపాయి వంటి నామమాత్రపు మొత్తం పంపి, ఖాతాదారుని పేరు దరఖాస్తులోని పేరుతో సరిపోలుతున్నదో లేదో చూస్తారు.

4. వ్యాపార స్థల పరిశీలన: దుకాణం లేదా కార్యాలయం ఇచ్చిన చిరునామాలో ఉన్నదని నిర్ధారించుకుంటారు. వెబ్‌సైట్ ద్వారా వసూలు చేసేవారైతే చిరునామా, సేవా నిబంధనలు, రద్దు, వాపసు గడువు అందులో స్పష్టంగా ప్రకటించి ఉండాలి.

5. పూర్వాపరాల పరిశీలన: వ్యాపారి గతంలో మోసాలకు పాల్పడలేదని, నిషిద్ధ వస్తువులు విక్రయించడం లేదని సంస్థ తృప్తి చెందవలసి ఉంటుంది.

6. ఒప్పందం, ప్రారంభం: రుసుములు, జమ గడువు, వాపసు, వివాదాల పరిష్కారం, సొమ్ము నిలుపుదల షరతులు ఒప్పందంలో ఉంటాయి. సంతకం అనంతరం పరీక్షా లావాదేవీలు జరిపి వసూళ్లను ప్రారంభిస్తారు.

అవసరమైన పత్రాలు

సొంత యాజమాన్య సంస్థకు యజమాని వ్యక్తిగత పత్రాలతోబాటు వ్యాపారం నడుస్తున్నట్లు తెలిపే ఆధారాలు రెండు సమర్పించాలి. రెండు లభ్యం కాని పక్షంలో, స్థల పరిశీలన జరిపి ఒకదానితో సరిపెట్టే వెసులుబాటు నిబంధనలలో ఉన్నది. దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు, నగరపాలక సంస్థ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు, ఉద్యమ్ నమోదు పత్రం, జి.ఎస్.టి. నమోదు, వ్యాపారం పేరిట ఆదాయపు పన్ను రిటర్ను, విద్యుత్తు బిల్లు వంటివి ఇందుకు ఉపకరిస్తాయి.

భాగస్వామ్య సంస్థలు నమోదు పత్రం, భాగస్వామ్య ఒప్పందం, సంస్థ పాన్ దాఖలు చేయాలి. కంపెనీలు నమోదు ధ్రువపత్రం, నియమావళి, డైరెక్టర్ల బోర్డు తీర్మానం జతపరచాలి. భాగస్వామ్య సంస్థలోగాని, కంపెనీలోగాని పది శాతానికి మించి వాటా ఉన్న ప్రతి వ్యక్తి వివరాలు నిజమైన లబ్ధిదారు నిబంధన కింద తెలపాలి. ఈ పరిమితి గతంలో కంపెనీలకు 25 శాతం, భాగస్వామ్యాలకు 15 శాతంగా ఉండగా, 2023లో మనీలాండరింగ్ నిరోధక నియమాల సవరణల ద్వారా పది శాతానికి తగ్గింది. చిత్ర నిర్మాణంలో ఒకరు పెట్టుబడి పెట్టి మరొకరు పేరుకు ముందుండే ఏర్పాట్లు ఉన్నచోట ఈ నిబంధన ప్రత్యేకంగా గమనార్హం.

వార్షిక టర్నోవరు 40 లక్షల రూపాయలకు మించని దేశీయ వ్యాపారులకు 2025 ఆదేశాలు సరళతర పరిశీలనకు వీలు కల్పించాయి. పాన్ నిర్ధారణ, ఒక అధికారిక గుర్తింపు పత్రం, స్థల పరిశీలన ఇందులో ప్రధానమైనవి. సేవలందించేవారికి జి.ఎస్.టి. నమోదు సాధారణంగా 20 లక్షల రూపాయల టర్నోవరు దాటిన తరువాతనే తప్పనిసరి. కనుక జి.ఎస్.టి. లేదన్న ఒక్క కారణంతో చిన్న వ్యాపారి ఆన్‌లైన్ వసూళ్లకు పూర్తిగా అనర్హుడు కాబోడు.

పేర్లలో తేడాలు

దుస్తులు అద్దెకిచ్చే ఒక దుకాణానికి బోర్డు మీద ఇష్టదైవం పేరు, లైసెన్సులో తండ్రి పేరు, బ్యాంకులో కుమారుని వ్యక్తిగత ఖాతా ఉన్నాయనుకొందాం. వ్యవహారంలో ఇబ్బంది కనిపించకపోయినా పరిశీలనలో ఈ మూడూ ముగ్గురు వేర్వేరు వ్యక్తులుగా కనిపిస్తాయి. సొంత యాజమాన్యంలో అనుమతి యజమాని పాన్‌కు ముడిపడి ఉన్నందున, తండ్రి తదనంతరం దుకాణం కుమారునికి సంక్రమించినా పాత అనుమతి దానంతటదే బదిలీ కాదు. కుమారుడు తన పేరిట తాజాగా పత్రాలు సమర్పించవలసి ఉంటుంది.

నిర్మాణ సంస్థలకు సంబంధించి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక చిత్రానికి ఒక సంస్థను, మరొక చిత్రానికి వేరొక సంస్థను నెలకొల్పినప్పుడు వాటి పాన్ సంఖ్యలు వేరు గనుక ఒకదాని అనుమతిపై రెండవదాని సొమ్ము వసూలు చేయరాదు. అలా చేసినట్లు తేలితే జమ నిలిపివేసే అధికారం సంస్థలకు ఒప్పందాల ద్వారా సంక్రమిస్తుంది. బోర్డు పేరును వ్యవహార నామంగా దరఖాస్తులోనే నమోదు చేయించుకోవడం దీనికి సులభమైన పరిష్కారం. అట్టి సందర్భంలో వినియోగదారుని ఖాతా వివరాలలో అతనికి తెలిసిన పేరే కనిపిస్తుంది. ‘ఈ పేరుగల వారికి నేను చెల్లించలేదు’ అనే వివాదాలు తగ్గుతాయి.

వ్యాపార వర్గ సంకేతం

అనుమతి సమయంలో ప్రతి వ్యాపారికి నాలుగంకెల వర్గ సంకేతం కేటాయిస్తారు. సినిమా థియేటర్లకు 7832, చిత్ర నిర్మాణం, పంపిణీకి 7829, నాటక ప్రదర్శనలు, టికెట్ల ఏజెన్సీలకు 7922, భోజనశాలలకు 5812 కార్డు సంస్థలు వాడుతున్న సంకేతాలు. రుసుము, లావాదేవీల పరిమితి, నష్టభయం అంచనా ఈ సంకేతాన్ని బట్టి మారే అవకాశం ఉన్నందున, తప్పుడు సంకేతం కింద నమోదు కావడం వ్యాపారికి నష్టదాయకం.

బయానా తీసుకొని ఆనక సేవ అందించే వ్యాపారాలను అధిక నష్టభయం గలవిగా పరిగణించడం జరుగుతుంది. వేడుకల పాసులు, నెలల తరబడి సాగే శిక్షణకు ఒకేసారి తీసుకొనే రుసుము ఇట్టివి. కార్యక్రమం రద్దయితే వాపసు భారం చివరకు మధ్యవర్తి సంస్థపై పడవచ్చును. అందువల్ల వసూళ్లలో కొంత భాగాన్ని నిర్ణీత కాలం నిల్వ ఉంచే షరతును సంస్థలు ఒప్పందంలో చేర్చుతుంటాయి. ఈ షరతును చూడకుండా సంతకం చేసిన వ్యాపారి, సిబ్బందికి జీతాలు ఇవ్వవలసిన రోజున ఖాతాలో సొమ్ము లేక ఇబ్బంది పడవలసి వస్తుంది.

మధ్యలో సొమ్ము ఎక్కడ ఉంటుంది

బ్యాంకేతర అగ్రిగేటరు వసూలు చేసిన సొమ్మును షెడ్యూల్డు వాణిజ్య బ్యాంకులోని ఎస్క్రో ఖాతాలో మాత్రమే ఉంచాలి. దానిని తన ఇతర వ్యాపార నిధులతో కలపరాదు. అగ్రిగేటరు దివాలా తీసిన పక్షంలో కూడా ఈ నిధులకు 2007 చట్టం 23-ఏ సెక్షను కింద రక్షణ ఉన్నది. సరకు అందజేసే బాధ్యత వ్యాపారిదే అయినప్పుడు, వినియోగదారునికి అందజేసినట్లు తెలియజేసిన మరుసటి రోజుకు జమ పూర్తి కావాలని 2020 మార్గదర్శకాలు పేర్కొన్నాయి. వాపసు గడువు ముగిసేవరకు ఉంచాలని ఒప్పందం ఉంటే వాటి ప్రకారం ఆ గడువు ముగిసిన మరుసటి రోజు లెక్కలోకి వచ్చేది.

ఈ అంశం ఎంతటి ప్రాధాన్యం గలదో పొరుగు రాష్ట్రంలోని సినిమా టికెట్ల ఉదంతం తెలియజేస్తున్నది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2021 నవంబరులో సినిమాల నియంత్రణ చట్టాన్ని సవరించి, ప్రభుత్వ ఆధ్వర్యంలో ఆన్‌లైన్ టికెట్ల విక్రయానికి మార్గం ఏర్పరచింది. రాష్ట్ర చలనచిత్ర, టి.వి., నాటకరంగ అభివృద్ధి సంస్థను ఇందుకు బాధ్యురాలిగా నియమించారు. 2022 జూన్‌లో నిబంధనలు జారీ అయ్యాయి. తమ టికెట్ల సొమ్ము ముందు సంస్థకు చేరి, ఆ పిదప తమకు రావడంపై థియేటర్ల యాజమాన్యాలు అభ్యంతరం వ్యక్తం చేశాయి. పంపిణీదారుల వాటా, విద్యుత్తు బిల్లులు, సిబ్బంది జీతాలకు వారు రోజువారీ వసూళ్లపైనే ఆధారపడటం ఈ ఆందోళనకు మూలం. వివాదం హైకోర్టుకు చేరగా, 2022 జులై 1న న్యాయస్థానం ఆ ఉత్తర్వుల అమలుపై స్టే విధించింది. పారదర్శకత కోసం ఉద్దేశించిన వేదిక అయినప్పటికీ, సొమ్ము ఎప్పుడు, ఎవరి ఖాతాలో ఉంటుందన్న అంశంపై వ్యాపారుల విశ్వాసం పొందకపోతే అది నిలదొక్కుకోవడం కష్టమని ఈ ఉదంతం స్పష్టం చేస్తున్నది.

రుసుములు

రూపే డెబిట్ కార్డు, బ్యాంకు ఖాతా నుంచి యు.పి.ఐ. ద్వారా జరిగే చెల్లింపులపై 2020 జనవరి 1 నుంచి వ్యాపారి వద్ద ఎం.డి.ఆర్. వసూలు చేయరాదు. ఇతర డెబిట్ కార్డులపై 2018 జనవరి 1 నుంచి వర్తించిన పరిమితుల ప్రకారం, 20 లక్షల రూపాయల లోపు టర్నోవరు గల చిన్న వ్యాపారికి 0.40 శాతం, అంతకు మించిన వారికి 0.90 శాతం మించరాదు. క్రెడిట్ కార్డులపై రుసుము ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

అనుమతి అనంతర బాధ్యతలు

కార్డు సంఖ్యలను వ్యాపారులు, అగ్రిగేటర్లు తమ వద్ద భద్రపరచరాదన్న నిబంధన 2022 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్నది. వాటి స్థానంలో టోకెన్లు వినియోగించాలి. వాపసు సొమ్ము, వినియోగదారుడు వేరొక విధంగా అంగీకరించని పక్షంలో, చెల్లింపు జరిగిన మార్గంలోనే తిరిగి వెళ్ళాలి. యు.పి.ఐ. ద్వారా సొమ్ము తగ్గి వ్యాపారికి నిర్ధారణ అందకపోతే ఐదు రోజులలోగా సొమ్ము తిరిగి జమ కావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున వినియోగదారునికి పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. చిరునామా, భాగస్వాములు, వ్యాపార స్వభావం మారినప్పుడు ఆ విషయాన్ని సంస్థకు తెలియజేయడం వ్యాపారి బాధ్యత.

అవకాశాల పేరిట వసూళ్లు

సినిమాలలో అవకాశం ఇప్పిస్తామని చెప్పి, ఎంపిక పరీక్షకు రిజిస్ట్రేషన్ రుసుము పేరిట యువతీ యువకుల నుంచి సొమ్ము వసూలు చేసే మోసాలు ఈ ప్రాంతానికి అపఖ్యాతి తెస్తున్నాయి. ఇట్టి వసూళ్లకు వ్యక్తిగత ఖాతాలు, వ్యక్తుల పేరిట గల క్యూ.ఆర్. కోడ్‌లు అనువుగా ఉంటాయి. వ్యాపారిగా నమోదైన ఖాతా వెనుక పరిశీలించిన పాన్, చిరునామా, ఒప్పందం ఉంటాయి. వ్యక్తిగత ఖాతా వెనుక సంస్థ చిరునామా గాని, వాపసు నిబంధన గాని ఉండవు. అయితే వ్యాపారిగా నమోదు కావడం వ్యాపారి నిజాయితీకి పూచీకత్తు కాదన్న విషయం కూడా గుర్తించాలి. అది బాధ్యుడెవరో తెలుసుకొనేందుకు ఆధారం మాత్రమే. మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు తెలియజేస్తే సొమ్ము చేతులు మారకముందే నిలుపుదల చేసే అవకాశం ఉంటుంది.

ఫిర్యాదులు

జమ ఆలస్యం, అకారణ నిలుపుదల వంటి ఫిర్యాదులను తొలుత సంబంధిత బ్యాంకుకు లేదా సంస్థకు లిఖితపూర్వకంగా సమర్పించాలి. 30 రోజులలో సమాధానం రాకున్నా, వచ్చిన సమాధానం తృప్తికరంగా లేకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. 2021 నవంబరు 12న అంబుడ్స్‌మన్ విధానాలు ఏకీకృతమయ్యాయి. సమాచారం కోసం 14448 నంబరు అందుబాటులో ఉన్నది. అయితే ఫలానా వ్యాపారికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది సంస్థ వాణిజ్య నిర్ణయం గనుక, కేవలం తిరస్కరణపై అంబుడ్స్‌మన్ జోక్యం ఉండదు. అట్టి వ్యాపారి లోపాలు సరిదిద్దుకొని మరల దరఖాస్తు చేయవచ్చును, లేదా వేరొక బ్యాంకును సంప్రదించవచ్చును.

పరిశీలనలో గమనించవలసిన అంశాలు

ఈ రంగానికి సంబంధించిన ఫిర్యాదు గాని, వార్త గాని ఎదురైనప్పుడు ఈ క్రింది అంశాలను విచారించడం ఉపయుక్తం.

– సొమ్ము స్వీకరించిన సంస్థ బ్యాంకా, రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన అగ్రిగేటరా, కేవలం సాంకేతిక సేవలందించే సంస్థయా.

– అనుమతి ఎవరి పాన్‌పై జారీ అయింది, సొమ్ము జమ అయిన ఖాతా వారిదేనా.

– నమోదైన వర్గ సంకేతం వాస్తవ వ్యాపారానికి సరిపోలుతున్నదా.

– జమ గడువు, నిల్వ ఉంచే మొత్తం ఒప్పందంలో ఏ విధంగా ఉన్నాయి.

– రద్దు, వాపసు నిబంధనలను వినియోగదారునికి చెల్లింపునకు ముందే తెలిపారా.

ఈ ఐదు ప్రశ్నలకు పత్రాలలో సమాధానం లభించినచోట వివాదం త్వరగా తేలుతుంది. లభించని పక్షంలో నష్టపోయేది సాధారణంగా ఆ రోజు వసూళ్లపై ఆధారపడిన చిన్న వ్యాపారి, లేదా ముందుగా సొమ్ము చెల్లించిన వినియోగదారుడు. స్థానిక లైసెన్సులు జారీ చేసే కార్మిక శాఖ, నగరపాలక సంస్థ అధికారులు వ్యాపారి పేరు, చిరునామా, యాజమాన్య స్వరూపం పాన్‌తో సరిపోలేలా మొదటనే నమోదు చేసినట్లయితే, ఆ తరువాత బ్యాంకు వద్ద ఎదురయ్యే ఇబ్బందులు చాలావరకు తొలగిపోగలవు.